చిన్నక్షరాలు కత్తిరించకండి: పాత కంప్యూటర్ ప్రకటనలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల షాపులో ఇంగ్లీషు పత్రిక నుంచి ఊడిన ఆకు ఒకటి దొరికింది. వంటింటి బల్ల దగ్గర ఒకాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. వెనకాల పని చేసుకుంటున్న ఆవిడ అతని వైపు తిరిగి చూస్తుంటుంది. యాపిల్ కంపెనీది. ఏ సంవత్సరానిదో ఎలా తేల్చాలి?
– ఒక పాఠకుడు, గవర్నరుపేట

జవాబు: మీరు చెప్పిన బొమ్మ యాపిల్ టూ కంప్యూటర్‌ను పరిచయం చేస్తూ 1977లో వేసిన రెండు పేజీల ప్రకటనలోది. అయితే బొమ్మను బట్టి తేదీ కట్టడం ప్రమాదం. పేరున్న బొమ్మల్ని తర్వాత ఎన్నోసార్లు మళ్లీ అచ్చువేశారు. తేదీని పట్టిచ్చేవి అడుగునుండే చిన్నక్షరాలు. ముందుగా కంపెనీ చిరునామా చూడండి. కుపర్టినోలోని స్టీవెన్స్ క్రీక్ బులెవార్డ్ అని ఉంటే అది తొలి రోజులది. బ్యాండ్లీ డ్రైవ్ అని ఉంటే ఆ తర్వాతది. మారియానీ అవెన్యూ అని ఉంటే 1980ల్లోది.

తర్వాత ధర, మెమరీ కలిపి చదవండి. యాపిల్ టూ బయటికొచ్చినప్పుడు 4 కె (కిలోబైట్ల) మెమరీతో 1,298 డాలర్లు, స్క్రీన్ విడిగా కొనుక్కోవాలి. అదే ఏడాది వచ్చిన టీఆర్‌ఎస్-80 అనే మరో కంప్యూటర్ స్క్రీను, క్యాసెట్ రికార్డరుతో కలిపి 599.95 డాలర్లు. ధర పక్కన చుక్కగుర్తు (*) ఉంటే కింద దాని వివరణ వెతకండి. ధరలో ఏది కలిసిందో, ఏది కలవలేదో అక్కడే ఉంటుంది. ధరలు కూడా ఆగకుండా జారిపోయేవి. 1982లో 595 డాలర్లకు వచ్చిన కొమొడోర్ 64 కంప్యూటర్, 1983లోనే 300 డాలర్ల లోపుకు దిగింది. అంకె తెలిస్తే ఏడాదిని మించి నెలల దాకా కూడా దగ్గరకు రావచ్చు.

బైట్ లాంటి కంప్యూటర్ పత్రికల ప్రకటనల్లో ఓ మూల ‘ఎంక్వైరీ కార్డు మీద ఫలానా నంబరు చుట్టూ గుండ్రంగా గీయండి’ అని ఉండేది. పాఠకులు ఆ కార్డు పోస్టులో వేస్తే కంపెనీ వివరాల పుస్తకం పంపేది. సంచిక చివరి ప్రకటనకర్తల పట్టికలో అదే నంబరు, దాని పక్కన పేజీ నంబరు ఉంటాయి. కాబట్టి మీ ఆకు మీద ఆ నంబరూ పేజీ నంబరూ మిగిలి ఉంటే, ఇంటర్నెట్‌లో ఉన్న స్కాన్ చేసిన పాత సంచికలతో పోల్చి అసలు సంచికనే పట్టుకోవచ్చు. ఫ్రేము కోసం అంచులు కత్తిరించేవాళ్లు మొదట పారేసేది సరిగ్గా ఈ ఆధారాన్నే. దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: మా దగ్గర మన దేశపు ప్రకటనలు కొన్ని ఉన్నాయి. ధరలు లేవు. వాటి కాలం?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ధర లేకపోయినా ఊరి పేరు చాలా చెబుతుంది. బొంబాయి అని ఉంటే మామూలుగా 1995కు ముందుది, మద్రాసు అని ఉంటే 1996కు ముందుది. పిన్‌కోడు ఉందంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఇక యంత్రం పేరు: ఐబీఎం ఎక్స్‌టీ 1983లో, ఏటీ 1984లో వచ్చాయి. ‘ఎక్స్‌టీ కంపాటిబుల్’ (ఎక్స్‌టీకి సరిపోయే వేరే కంపెనీ యంత్రం) అన్న మాట 1983కు ముందు ఉండే వీలే లేదు. 386 (ఇంటెల్ ప్రాసెసర్) అని ఉంటే 1985 లేదా ఆ తర్వాతది, విండోస్ 3.0 అని ఉంటే 1990 లేదా ఆ తర్వాతది. 1984 నవంబరులో కేంద్రం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి దిగుమతులనూ లైసెన్సులనూ సడలించింది. ఆ తర్వాతి ప్రకటనలు ఎక్కువగా దొరకడం అందుకే. అంతకు ముందువి అరుదు, జాగ్రత్తగా దాచండి. పాతదని చెప్పిన కాగితం మీద ఇప్పటి రూపాయి గుర్తు కనిపిస్తే అది 2010 తర్వాత తయారైందే.

ప్రశ్న: చార్లీ చాప్లిన్ వేషంతో ఉన్న ఐబీఎం పీసీ ప్రకటనను ఒకరు ఫ్రేము కట్టి అసలుదని అమ్ముతున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: ఫ్రేములోంచి తీసి చూపించమనండి. ఒప్పుకోకపోతే కొనవద్దు. ఐబీఎం పీసీ 1981 ఆగస్టు 12న విడుదలైంది. ఆ చాప్లిన్ ప్రచారం పత్రికల్లో విస్తారంగా వచ్చింది కనుక అసలు ఆకులేమీ అపురూపం కావు.

ముందు వెనకవైపు చూడండి. పత్రిక ఆకైతే అక్కడ ఇంకో పేజీ అచ్చై ఉంటుంది. ఖాళీగా ఉంటే అనుమానించాలి. తర్వాత కొలవండి. సరిగ్గా 8.27 అంగుళాల వెడల్పు, 11.69 అంగుళాల ఎత్తు వస్తే అది ఏ4 కాగితం, అమెరికా పత్రిక కొలత కాదు. చివరగా పది రెట్లు చూపించే భూతద్దంతో, తెల్లటి నేల మీద ఉన్న నల్లటి చిన్నక్షరాలు పరీక్షించండి. పత్రికలు అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతిలో ఆ అక్షరం నిండు నలుపుగా, అంచు తేటగా ఉంటుంది. స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే అంచుల వెంట రంగు చుక్కలు కనిపిస్తాయి, ఎందుకంటే యంత్రం అక్షరాన్ని కూడా ఫొటోలో భాగంగానే లెక్కేస్తుంది. రంగు నేల మీది అక్షరాలతో ఈ పరీక్ష చేయకండి, అక్కడ అసలు ప్రతిలోనూ చుక్కలుంటాయి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో తడిసిన పత్రికలు ఆరాక ఇటుకలా అతుక్కుపోయాయి. విడదీయగలమా?
– ఒక పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్

జవాబు: నునుపు ఆర్ట్ పేపరైతే చాలావరకు కుదరదు. ఆ నునుపు తెల్లమట్టిని బంకతో కలిపి పూసిన పూత. తడిస్తే బంక కరుగుతుంది, ఆరితే పక్క పేజీని పట్టేస్తుంది. లాగితే పూతతో పాటు సిరా కూడా ఊడి వస్తుంది. అతుక్కోని చోట్లు మాత్రం తెరిచి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసుకోండి. మామూలు గరుకు కాగితం అంతగా అతుక్కోదు. దాన్ని అంచు నుంచి పల్చటి ప్లాస్టిక్ రేకుతో నెమ్మదిగా విడదీయవచ్చు.

ముందుముందు తడిస్తే గుర్తుంచుకోవలసింది ఇది: ఆర్ట్ పేపరు ఆరకముందే పని మొదలుపెట్టాలి. పుస్తకం తెరవకుండా, మూసిన అంచుల మీది బురదను మంచినీళ్లతో కడగండి. అన్నీ ఒకేసారి విడదీయలేకపోతే ఒక్కోదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బూజు పట్టకముందే, 48 గంటల్లోపు, డీప్ ఫ్రీజర్‌లోకి చేర్చండి. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే తీసి, మంచు కరిగి ఇంకా తడిగా ఉన్నప్పుడే ఆకు ఆకూ విడదీసి, ఫ్యాను గాలికి విడివిడిగా ఆరబెట్టండి. ఎండలో పెడితే కాగితం వంకరపోతుంది, రంగులు వెలుస్తాయి.

ప్రశ్న: ల్యామినేషన్ చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట

జవాబు: వద్దు. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి ఇంకుతుంది, మళ్లీ తీయలేం. సెల్లో టేపు కూడా ఏళ్లు గడిచేసరికి పచ్చటి మరక వదులుతుంది. తుప్పు పట్టే స్టేపుల్ పిన్నులు తీసేసి, ఒక్కో ఆకును పాలియెస్టర్ కవర్లో పెట్టండి. ఘాటు వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు సిరాను అంటించుకుంటాయి, అవి పనికిరావు. అటక మీద మన వేసవి వేడికి న్యూస్‌ప్రింట్ ఇంకా త్వరగా పెళుసెక్కుతుంది. గోడకు జానెడు దూరంలో ఉన్న ఇనప బీరువా మేలు. కలరా ఉండలు కవర్లకు తగలకూడదు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది. వానాకాలంలో రంగు మారే రకం సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి రంగు మారగానే మార్చండి.