బిందెలో గొంతు

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలని నింద వేసి జనాన్ని చంపిన కథకు సైన్స్ ఫిక్షన్ కలిపి ఆడియో నాటకం చేశావట. 30 మందికి వినిపించి అభిప్రాయాలు రాయించుకున్నావట. వచ్చే నెల పరకాల వైపు ఊళ్లలో స్పీకర్ పెట్టి వినిపిస్తావట. ఫోన్ పెట్టేసి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను, మన ఇంట్లో మళ్లీ ఒక గొంతు లేచిందని. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ శ్రోతలు రాసినవన్నీ మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. నిన్ను అడగకుండా చదివాను, తిట్టుకుంటే తిట్టుకో. సగం మందికి పైగా నాటకంలో మంత్రగత్తె అనిపించుకునే ముసలామె గొంతు గురించే రాశారు. "ఒళ్లు జలదరించింది", "రాత్రి వినకండి", "ఆ నవ్వుకు హెడ్‌ఫోన్స్ తీసేశాను". ఒకాయన చివరిదాకా వినలేదని ఒప్పుకుంటూనే ఐదు స్టార్లు ఇచ్చాడు. ఇవి చదివి నువ్వు పొంగిపోయి ఉంటావు. నేనూ ఒకప్పుడు అలాగే పొంగిపోయాను.

ముందు చిన్న సంగతి. ఆమెను మంటల్లో కాల్చే సీన్ అద్భుతమని ముగ్గురు రాశారు. సేలంలో ఎవరినీ కాల్చలేదమ్మా. 1692లో 19 మందిని ఉరి తీశారు. విచారణకు ఒప్పుకోనందుకు గైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండలు పేర్చి చంపారు. కాల్చడం యూరప్ దేశాల్లో జరిగింది. ఆ సీన్ మార్చు. పైగా నీకు పనికొచ్చే అసలు విషయం వేరే ఉంది. "అవును, నేను మంత్రగత్తెనే" అని ఒప్పుకున్నవాళ్లు అక్కడ బతికారు, ఉరికంబం ఎక్కింది కాదన్నవాళ్లే. చెవికి చెప్పే కథకు ఇంతకన్నా ఏం కావాలి? మంట చప్పుడు ఎవరైనా చేస్తారు, సెల్లోఫేన్ కాగితం నలిపితే చాలు.

ఇక పెద్ద సంగతి. చివర్లో ఆ ముసలామె నిజంగానే వేరే గ్రహం నుంచి వచ్చిందని తేలుస్తావట. ఒక పిల్లాడు దాని కింద నవ్వే బొమ్మ పెట్టి, "అంటే ఊరోళ్ల డౌట్ కరెక్టే కదా!" అని రాశాడు. ఆ ఒక్క మాటను ప్రింట్ తీసి గోడకు అంటించుకో. ఆమెలో ఏదో ఉందని ఊరు అనుమానించింది. నువ్వేమో అవునని తేల్చావు. సేలంలో చచ్చిపోయినవాళ్లలో ఏమీ లేదు బిడ్డా. మన దగ్గర బాణామతి చేస్తుందని పళ్లూడగొట్టిన ఆడవాళ్లలోనూ ఏమీ లేదు. గ్రహాంతరవాసి కావాలంటే ఉండనీ, కానీ నింద మోసేది ఆమె కాకూడదు.

నాకెందుకు ఇంత మంట అంటావా? చెప్తాను. మీ అమ్మకు కూడా తెలియదు.

1984లో రేడియోలో ఒక అరగంట నాటకం చేశాం. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగానే. ఊళ్లో పిల్లకు జబ్బు చేస్తుంది, ఒక ముసలామె చేతబడి చేసిందంటారు, చివరికి డాక్టర్ వచ్చి అది మెదడువాపు జ్వరమని చెప్తాడు. ముసలామె నేనే. నాకప్పుడు పాతికేళ్లు. మామూలుగా చెప్తే బాగా లేదని, ఇంట్లోంచి ఇత్తడి బిందె తీసుకెళ్లి మూతి దగ్గర నోరు పెట్టి మాట్లాడాను. స్టూడియోలో అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత రెండు కట్టల ఉత్తరాలు వచ్చాయి. అన్నీ బిందె గొంతు గురించే. డాక్టర్ ఏం చెప్పాడో ఒక్కరూ రాయలేదు.

ఆ కట్టల్లో 15 పైసల కార్డు ఒకటి ఉంది. పరకాల దగ్గరి ఊరి నుంచి ఎవరో బడిపిల్లవాడు రాశాడు. తమ వాడలో ఒంటరిగా ఉండే అవ్వను పిల్లలు నా పాత్ర పేరుతో పిలుస్తున్నారట. ఆమె బావికాడికి రావడం మానేసిందట. "మీరు ఒకసారి మంచి గొంతుతో మాట్లాడి, ఆమె మంచిదని రేడియోల చెప్పరాదా" అని అడిగాడు. శ్రోతల ఉత్తరాల కార్యక్రమానికి ఉత్తరాలు ఏరేది నేనే. పొగిడినవి ఆరు ఏరాను. ఆ కార్డును కట్ట అడుగున పెట్టాను.

ఆ ఏడు బతుకమ్మకు మా స్నేహితురాలు తన పుట్టింటికి పిలిచింది. అదే ఊరు. కావాలనే వెళ్లానో, పండగ కోసమే వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, ఒక ముసలామె గుడి గోడ పక్కన దూరంగా కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకపోయినా తెలిసిపోయింది. దగ్గరికి వెళ్లాను. "రేడియోల మాట్లాడే బిడ్డవు నువ్వేనంట గద. మంచిగ మాట్లాడుతవంట. మా ఇంట్ల రేడియో లేదమ్మా" అంది. తన మీద పడ్డ ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. కొంగుముడి విప్పి ఒక సీతాఫలం నా చేతిలో పెట్టింది. బాగా పండింది. అందరూ చూస్తున్నారు. అక్కడే విప్పి ఒక్క గింజ నోట్లో వేసుకుంటే అయిపోయేది. ఊరంతా చూసేది.

నేను సంచీలో వేసుకున్నాను. తిరుగు బస్సులో, ఊరు దాటాక, కిటికీలోంచి పారేశాను.

మూఢనమ్మకాల మీద నాటకం వేసిన మనిషినే. ఎందుకు పారేశానంటే ఏం చెప్పను, భయమేసింది. నా గొంతే నన్ను భయపెట్టింది.

సేలంలో తీర్పులు చెప్పిన సామ్యూల్ సీవాల్ అనే జడ్జి 1697లో, అంటే ఐదేళ్లకే, చర్చిలో అందరి ముందు లేచి నిలబడ్డాడు. తప్పు నాదే అని తాను రాసిన కాగితాన్ని పాస్టర్ చదువుతుంటే విన్నాడు. నాకు ఈ మాట ఒప్పుకోవడానికి నలభై ఏళ్లు దాటింది. ఆ అవ్వ ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

సరే, నీ పని చూద్దాం. విన్న వెంటనే అభిప్రాయం అడగకు, రెండు రోజులు ఆగి అడుగు, ఏం మిగిలిందో అప్పుడు తెలుస్తుంది. "బాగుందా" అనొద్దు. "ఎవరి మీద కోపం వచ్చింది, ఎవరంటే భయమేసింది" అని అడుగు. రెండో దానికి ముసలామె అనే జవాబు వస్తే స్క్రిప్టు మళ్లీ రాయి. ఊళ్లలో వినిపించేటప్పుడు సగం ఇవాళ, సగం రేపు అని అస్సలు పెట్టకు. ఆ మధ్య రాత్రి ఏమవుతుందో నీకు తెలియదు. వాడకట్టు చివర ఒంటరిగా ఉండే మనిషి ఎవరో ముందే కనుక్కో. వినడానికి రాకపోతే నువ్వే వాళ్ల ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, పెట్టింది తిను. నలుగురూ చూసేట్టు తిను.

స్కూటీ మీద చీకట్లో తిరిగి రావద్దు, మా ఇంట్లో పడుకో. రికార్డింగ్ రోజుల్లో ఫ్రిజ్ నీళ్లు ముట్టకు. ఐనవోలు మల్లన్న జాతరలో రికార్డు చేసిన, పూనకంతో ఊగే శివసత్తుల కేకలను మంత్రగత్తె వెనకాల పెట్టావని మీ అమ్మ అంది. తీసెయ్. దాని గురించి ఫోన్‌లో తిడతాను, కాగితం అయిపోయింది.

ఆ బిందె ఇంకా మా అటక మీదే ఉంది. కావాలంటే తీసుకుపో. బావి సీన్‌లో నీళ్లు చేదేటప్పుడు వాడుకో.

మీ పెద్దమ్మ,
హనుమకొండ