నాలుగు ట్రాకుల టేపు మీద ‘సార్జెంట్ పెప్పర్స్’ లాంటి ఆల్బమ్ ఎలా చేయగలిగారు?

మీరు అడిగినవి రెండు. 1967లో ఆ ఆల్బమ్ చేసిన ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్‌కు ఉన్నవి నాలుగు ట్రాకులే అయితే అన్ని వాద్యాలూ అన్ని గొంతులూ వాటిలో ఎలా పట్టాయన్నది ఒకటి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వందల ట్రాకులు ఉన్నా అలాంటి పని ఎందుకు రావడం లేదన్నది రెండోది. ఈ రెండో ప్రశ్నతో నాకు పేచీ ఉంది. మంచి రికార్డులు ఇప్పుడూ వస్తున్నాయి, వెతికి వినేవాళ్లే తగ్గారు. మొదటిది మాత్రం నేను చేత్తో చేసిన పని కాబట్టి చెబుతాను.

చేసింది లండన్‌లో కాదు లెండి. 1990ల మొదట్లో మద్రాసులో, భక్తి పాటల కాసెట్లు తీసే ఒక చిన్న స్టూడియోలో మూడేళ్లు సహాయ రికార్డిస్టుగా ఉన్నాను. మాది అరంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులు పట్టే యంత్రం. రోజూ పొద్దున్నే స్పిరిటులో ముంచిన దూదితో దాని హెడ్లు తుడవడంతో నా ఉద్యోగం మొదలయ్యేది. దూదికి అంటే ఆ గోధుమరంగు పొడి నిన్నటి పాటల తాలూకు అని మా పెద్ద రికార్డిస్టు నవ్వేవారు.

ట్రాకు అంటే టేపు పొడవునా సాగే ఒక దారి. నాలుగు దారులూ నిండాయనుకోండి. రెండో యంత్రానికి కొత్త టేపు ఎక్కించి, మొదటి టేపులోని నాలుగింటినీ కలిపి కొత్తదాంట్లో ఒకటి రెండు ట్రాకుల్లోకి దించుతారు. మిగిలిన దారులు ఖాళీగా దొరుకుతాయి. వాటినీ నింపుతారు, అవసరమైతే మళ్లీ దించుతారు. మేం దీన్ని బౌన్స్ అనేవాళ్లం, లండన్ అబ్బే రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో రిడక్షన్ అనేవారు. అంటే ఆ ఆల్బమ్‌లో చాలా పాటల వెనక నాలుగు ట్రాకుల టేపులు ఒకటికి రెండు ఉంటాయి. ‘నాలుగే ట్రాకులు, పాపం’ అని జాలిపడనక్కర్లేదు.

అయితే దీనికి రెండు మూల్యాలు. కలిపింది విడదీయలేం. డ్రమ్స్‌తో గిటార్ కలిపి దించాక గిటార్ ఒక్కదాన్నే తగ్గించాలంటే కుదరదు. పులుసులో పడ్డ ఉప్పు అది. రెండోది హోరు. టేపుకు సహజంగా ఉండే ‘స్‌స్‌’ ప్రతి నకలుతోనూ పెరుగుతుంది. ఇక్కడ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. వాళ్ల స్టూడర్ జె37 యంత్రం అంగుళం వెడల్పు టేపు వాడేది, అంటే ఒక్కో ట్రాకుకు ఇంచుమించు పావంగుళం. మాకు అంగుళంలో పదహారో వంతు. దారి ఇరుకైన కొద్దీ హోరు పెరుగుతుంది. వాళ్ల రెండో నకలు మా మొదటి రికార్డింగు కన్నా శుభ్రంగా ఉండేదంటే నేను ఆశ్చర్యపోను.

ఆ ఆల్బమ్‌లోని ‘ఎ డే ఇన్ ద లైఫ్’ పాటకు ఈ దించుళ్లు కూడా చాలలేదు. మధ్యలో 24 బార్ల (తాళావర్తాల) ఖాళీ వదిలి, అందులో ఏం పెట్టాలో తేలక, సహాయకుడు మ్యాల్ ఎవాన్స్ చేత బార్లు లెక్కపెట్టించి చివర అలారం గడియారం మోగించారు. ఆ మోత ఇప్పటికీ రికార్డులో ఉంది. 1967 ఫిబ్రవరి 10న ఆ ఖాళీ నింపడానికి 40 మంది ఆర్కెస్ట్రా వచ్చింది. ఎక్కించడానికి ట్రాకు లేదు. స్టూడియో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ రెండు నాలుగు ట్రాకుల యంత్రాలను ఒకే వేగంతో తిరిగేలా కలిపారు. రెండో యంత్రం మీద నాలుగు ట్రాకుల్లోనూ అదే ఆర్కెస్ట్రాను నాలుగుసార్లు పట్టారు. మనకు వినిపించేది 160 మంది చేసే శబ్దం. పాట చివరి పియానో మోత ఫిబ్రవరి 22న చేసింది. పలువురు కలిసి పియానోల మీద ఒకేసారి కొట్టి వదిలారు. మోత తగ్గుతుంటే ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ ఫేడర్లను, అంటే శబ్దం పెంచే మీటలను, పైకి తోస్తూ పోయారు. మంచి హెడ్‌ఫోన్లు ఉంటే చివర్లో ఎవరిదో కుర్చీ కిర్రుమనడం వినండి. నేను ఒక రాత్రి అది నా కుర్చీయేమోనని లేచి చూసుకున్నాను.

అతుకుల సంగతి కూడా చెప్పాలి. ఆ ఆల్బమ్ కోసం మొదలుపెట్టి విడిగా సింగిల్‌గా విడుదల చేసిన ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ రెండు వేర్వేరు రికార్డింగుల అతుకు. వేగాలు వేరు, శ్రుతులు వేరు. బీటిల్స్‌లో ఒకరైన జాన్ లెనన్‌కు ఒకదాని మొదలు, ఇంకోదాని ముగింపు నచ్చాయి. వేగంగా ఉన్నదే శ్రుతిలోనూ హెచ్చుగా ఉండటం అదృష్టం. టేపును నెమ్మదిగా తిప్పితే వేగమూ శ్రుతీ కలిసి దిగుతాయి కాబట్టి రెండూ దగ్గరకు వచ్చాయి. వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్, ఎమెరిక్ కలిసి నిమిషం దగ్గర అతికించారు.

అతికించడం అంటే నిజంగా బ్లేడుతోనే. స్పూళ్లను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ మెల్లగా కదుపుతుంటే పాట కాస్తా గేదె అరుపులా సాగుతుంది. ఆ అరుపులోనే అక్షరం ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. పట్టుకున్నచోట పసుపు మైనపు పెన్సిలుతో గీత. టేపును లోహపు దిమ్మలోని గాడిలో పరిచి ఏటవాలుగా కోత. నిలువుగా కోస్తే అతుకు దగ్గర ‘టక్’మంటుంది. బ్లేడుకు అయస్కాంతం పట్టినా అంతే. వెనకవైపు తెల్లటి అంటుపట్టీ వేసి గోటితో రుద్దాలి. సెకనుకు పదిహేను అంగుళాల టేపు పోయేది, కాబట్టి ఒక చిన్న ఊపిరి అంటే నాలుగైదు అంగుళాలు. గాయకుల ఊపిరి ముక్కలు ఎన్నో నా చెప్పులకు అంటుకుని ఇంటికి వచ్చేవి.

జాజ్ సంగతి వేరు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా స్టూడియోలో, మూడు ట్రాకుల టేపు మీద రెండంటే రెండు రోజుల్లో అయింది. 1959 మార్చి 2, ఏప్రిల్ 22. అందరూ ఒకే గదిలో కూర్చుని వాయించారు. ఈ ఆల్బమ్ కాసెట్ నాకు మౌంట్ రోడ్డు పక్క సందులో పాతది దొరికింది. వింటూ కీబోర్డు మీద పలికించబోతే మొదటి పాటే కుదరలేదు. ఈ మెట్టూ కాదు, పక్క మెట్టూ కాదు, రెంటికీ మధ్య. గదిలో నాతో ఉండే మిత్రుడు టేప్ రికార్డర్ బెల్టు పాడైందని తేల్చాడు. కొత్త బెల్టు వేయించాను. అదే తంతు. విసుగొచ్చి రెండో వైపు తిప్పితే కీబోర్డుతో చక్కగా కలిసింది. ఏ వైపు నడుస్తోందో బెల్టుకెలా తెలుసు?

ఏళ్ల తరువాత గానీ తెలియలేదు. మార్చి 2న ఆ స్టూడియోలో అసలు యంత్రమే కాస్త నెమ్మదిగా తిరిగిందట. దానిమీద పట్టినదాన్ని సరైన వేగంతో వినిపిస్తే శ్రుతి హెచ్చుతుంది. మొదటి వైపు మూడు పాటలూ 33 ఏళ్ల పాటు అలాగే అమ్ముడయ్యాయి. 1992లో సరిచేశారు. ఎలాగంటే, ఆ రోజు జాగ్రత్త కోసం పక్కన ఇంకో యంత్రం కూడా నడిపారు, అది సరైన వేగంతో తిరిగింది.

మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఆ రెండో యంత్రమే. ‘సార్జెంట్ పెప్పర్స్’ వాళ్లు దించిన ప్రతిసారీ పాత టేపు బీరువాలో భద్రంగా ఉంది. అందుకే 2017లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ కలపకముందటి టేపులకు వెళ్లి మొత్తం కొత్తగా మిక్స్ చేయగలిగారు. ట్రాకులు తక్కువైనా టేపుకూ యంత్రాలకూ వాళ్లకు లోటు లేదు.

మాకు ఉన్నది ఒక్కటే యంత్రం. మా బౌన్స్ అదే టేపులో, ఈ ట్రాకు నుంచి ఆ ట్రాకులోకి. తరువాత పాత ట్రాకుల మీదే కొత్త వాద్యం పడేది. ఒకసారి మృదంగం, ఘటం, చిడతలు మూడింటినీ ఒక ట్రాకులోకి దించే పని పెద్దాయన నాకు అప్పగించి భోజనానికి వెళ్లారు. నకలులో సన్నని శబ్దాలు కొంత చస్తాయి, కాబట్టి దించే ముందే వాటిని కాస్త పెంచాలని ఆయనే నేర్పారు. ఆ ‘కాస్త’ ఎంతో నేర్పలేదు, నేనూ అడగలేదు. చిడతలు పెంచాను. దించాను. ఖాళీ అయిన ట్రాకుల్లో వీణా వేణువూ ఎక్కాయి. సాయంత్రం గాయని పాడుతుంటే తెలిసింది, ఆమె ప్రతి ‘స’ మీదా, ‘శ’ మీదా చిడతలు వచ్చి కూర్చుంటున్నాయని. పెద్దాయన నా వైపు ఒకసారి చూసి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మళ్లీ వాయించేందుకు వాద్యకారులు లేరు, డబ్బు లేదు. కాసెట్ అలాగే వచ్చింది.

ధనుర్మాసంలో మా ఊరి రామాలయంలో తెల్లవారుజామున అదే వేస్తారు. కాసెట్ అరిగిపోతే ఇక వదిలిందనుకున్నాను. ఎవరో శ్రద్ధగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. పోయినసారి వెళ్లినప్పుడు పూజారి గారితో ఆ పాట నేను రికార్డు చేసిందేనని, అందులో చిడతలు నా తప్పని చెప్పాను. ఆయన తీర్థం పోస్తూ, “ఆ చిడతలు వినిపిస్తేనే ఊరు లేస్తుంది నాయనా” అన్నారు.