రమ్మీ వచ్చు కదా అని పోకర్‌లో కూర్చోకు

తమ్ముడూ, ఒంగోలు నుంచి నలుగురం శని, ఆదివారాలకు గోవా వెళ్తున్నాం, తలా ఇరవై వేలు, రమ్మీ తప్ప ఏమీ రాదు, పోకర్ ఆడొచ్చా అని అడిగావు. మొదటి రాత్రి మాత్రం వద్దు.

కందుకూరులో పండక్కి పేకాటకు కూర్చుంటే నేనూ ఎవరికీ తీసిపోను. ఆ ధీమాతోనే మాండవి నదిలో నిలిపిన కాసినో పడవ ఎక్కాను. రమ్మీలో ముక్క కోసం ఆగడం మనకు అలవాటు. పోకర్‌లో అలా ఆగాలంటే చాలాసార్లు డబ్బు కట్టాలి. ఐదు ముక్కలూ ఒకే గుర్తువైతే పోకర్‌లో అది బలమైన చెయ్యి. ఒక ఆటలో నాలుగు ఇస్పేట్లు కలిశాయి. ఐదోది చివర్లో పడుతుందని ఉన్నదంతా తోశాను. డైమండ్ ఏడు పడింది! కనపడని 46 ముక్కల్లో నాకు పనికొచ్చేవి 9 మాత్రమేనని గదికొచ్చాక లెక్క తేలింది.

మీకు బ్లాక్‌జాక్ నయం, అంటే ముక్కల మొత్తం 21 దాటకుండా దానికి దగ్గరగా చేరే ఆట. ఎప్పుడు ముక్క అడగాలో చెప్పే పట్టిక బట్టీపట్టి ఆడితే, మనం కాసే ప్రతి నూటికి కాసినోకు సగటున మిగిలేది సుమారు అర్ధ రూపాయి. తిరిగే చక్రంలో బంతి ఏ అంకె మీద ఆగుతుందో పందెం కాసే రూలెట్‌లో, ఒక్క సున్నా ఉన్న చక్రమైనా అది 2.7 రూపాయలు. అందర్ బాహర్ అంటే మన లోపల-బయటే, తెలిసిన ఆటే కదా అని చెయ్యి ఆగదు, జాగ్రత్త.

ఇరవై వేలల్లో రాత్రికి ఐదు వేలే జేబులో పెట్టుకో, కార్డు గదిలో వదిలెయ్. 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వరు, గుర్తింపు కార్డు మరిచిపోవద్దు. రైలంటే మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో గోవా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కొచ్చు, కానీ అది రోజూ ఉండదు.