పాత రూల్ బుక్ ఎక్కడికీ పోదు, మీ పాత్ర చేతిలోని మంత్రం మారిపోతుంది

"డీ అండ్ డీ కొత్త రూల్ బుక్కులు వచ్చేశాయి కదా, నేను 2014 నాటి పుస్తకాలు ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి కొన్నాను, అవి ఇక పనికిరావా, మళ్ళీ కొనాలా?" అని అడిగారు. డీ అండ్ డీ అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే పాచికల ఆట. మళ్ళీ కొననక్కర్లేదు. మీరు కొన్న పుస్తకం మీ ఖాతాలోనే ఉంటుంది, తెరిచి చదువుకోవచ్చు. కానీ మీరు డబ్బు పెట్టింది చదువుకోవడానికి ఒక్కదానికే కాదు. పాత్ర వివరాలన్నీ ఉండే క్యారెక్టర్ షీట్‌లో మంత్రం పేరు నొక్కితే దాని లెక్కంతా దానంతట అదే రావాలని పెట్టారు. చిక్కంతా అక్కడ. ఆ చిక్కు మా ఇంట్లో భోజనాల బల్ల మీదే జరిగింది కాబట్టి చెప్తున్నాను.

మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. రెండు వారాలకోసారి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఆట. నేను డీఎం, అంటే కథ నడిపించేదాన్ని. మా తమ్ముడు పాలడిన్ అనే దైవ యోధుడు, మరదలు రోగ్ అనే దొంగ, నాతో పనిచేసే మదురై అబ్బాయి విజార్డ్, పన్నెండేళ్ళ మా పాప డ్రూయిడ్, అంటే అడవి మంత్రాలు వేసే పాత్ర. 2025 జనవరిలో పాప పాత్ర ఐదో లెవెల్‌కి వచ్చింది. డ్రూయిడ్ ఆడినవాళ్ళకి తెలుస్తుంది ఐదో లెవెల్ అంటే ఏంటో. మూడో స్థాయి మంత్రాలు మొదలయ్యేది అక్కడే. వాటిలో కాంజ్యూర్ ఆనిమల్స్ అని ఒకటుంది. 2014 పుస్తకం ప్రకారం దాంతో ఎనిమిది చిన్న జంతువుల్ని ఒకేసారి పిలవచ్చు. ఏ జంతువులు రావాలో చెప్పే హక్కు డీఎందే అని రూపకర్తలే తర్వాత వివరణ ఇచ్చారు. నేను మాత్రం తోడేళ్ళే వస్తాయని పాపకి రెండు నెలల ముందే మాటిచ్చేశాను.

ఆ పిల్ల ఆ రెండు నెలలూ ఊరుకోలేదు. సీరియల్ డబ్బా అట్ట కత్తిరించి ఎనిమిది తోడేళ్ళు చేసింది. ఒక్కోదానికి రంగు, ఒక్కోదానికి పేరు. కాటుక, బూడిద, మిరియం, చీకటి, ఇలా. మిరియానికి ఒక చెవి చిన్నది, అది కావాలనే అలా కత్తిరించానంది.

ఆ రోజు పులిహోర తిని కూర్చున్నాం. కథలో వీళ్ళు ఉప్పు గని లోపల వంతెన దాటాలి, అవతల నోల్ అనే రాక్షసుల గుంపు కాపు కాస్తోంది. పాప వంతు వచ్చింది. అట్ట తోడేళ్ళన్నీ వరసగా బల్ల మీద పెట్టి, ట్యాబ్‌లో మంత్రం నొక్కింది. నొక్కి అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, నా తోడేళ్ళేవీ?" అంది.

ట్యాబ్ తీసుకుని చూశాను. పేరు అదే, స్థాయి అదే. లోపల ఉన్న మంత్రం వేరు. 2024 రూల్ ప్రకారం వచ్చేది తాకడానికి వీల్లేని ఆత్మల రూపంలో ఉన్న ఒకే ఒక జంతువుల గుంపు. మీరు కదిలినప్పుడు దాన్ని 30 అడుగుల దాకా జరపొచ్చు. అది పది అడుగుల దగ్గరికి వచ్చిందంటే శత్రువు డెక్స్టెరిటీ సేవ్, అంటే చురుగ్గా తప్పించుకునే పాచిక, వెయ్యాలి, అది సరిపోకపోతే పది ముఖాల పాచికలు మూడు వేసినంత దెబ్బ. అందులో కాటుక లేదు, మిరియం లేదు. లెక్కబెట్టడానికి తోడేళ్ళే లేవు.

ఎలా జరిగిందో తర్వాత వెతికి పట్టుకున్నాను. అంతకు ముందు వారం నేను కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, అంటే ఆటగాళ్ళ రూల్ బుక్, డిజిటల్ కాపీ కొన్నాను. అది నా ఖాతా నుంచి అందరికీ షేర్ అవుతుంది. దాంతో మంత్రాల జాబితాలో ఒకే పేరుతో రెండు వరసలు వచ్చాయి. ఒకదాని పక్కన, పాత రూల్ అని చెప్పడానికి, "లెగసీ" అని చిన్న బిళ్ళ ఉంది, రెండోదాని పక్కన ఏమీ లేదు. లెవెల్ పెంచుకునేటప్పుడు పాప బిళ్ళ లేనిది ఎంచుకుంది. అడిగితే, "లెగసీ అంటే పాడైపోయింది, ఇక పనిచెయ్యదు అనుకున్నా" అంది. పన్నెండేళ్ళ పిల్ల అలా అనుకోవడంలో తప్పేముంది? పెద్దవాళ్ళం మేమే అలా అనుకుంటాం. డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద, పదేళ్ళు లక్షలమంది ఆడిన రూల్ మీద, ఆ మాట అంటించడం నాకు నచ్చదు. "2014" అని అంకె వేస్తే సరిపోయేది. అంకె వేస్తే ఏది ఎప్పటిదో తెలుస్తుంది. "లెగసీ" అంటే దీన్ని వదిలెయ్యమని చెప్పినట్టే. మేం వాడే సైటు పేరు ఇక్కడ అనవసరం. ఈ మాట చాలా చోట్ల వాడారు.

ఆట ఆపాను. లోపలికి వెళ్ళి 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కాగితం కాపీ తెచ్చాను. అప్పట్లో దాని ధర 49.95 డాలర్లు. అట్ట ఊడిపోయి టేపు వేసి ఉంది. పేజీ తీసి మంత్రం మొత్తం గట్టిగా చదివి, ఈ బల్ల మీద ఇదే చెల్లుతుందన్నాను. పాప తోడేళ్ళని వంతెన మీదికి తోసింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ యుద్ధం నలభై నిమిషాలు సాగింది. తోడేలుకి ప్యాక్ టాక్టిక్స్ అనే గుంపు బలం ఉంటుంది కాబట్టి శత్రువు పక్కన తోటి తోడేలు ఉంటే ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వెయ్యాలి. ఎనిమిది తోడేళ్ళు, పదహారు పాచికలు, మళ్ళీ తగిలినవాటికి దెబ్బ లెక్క. ఇదంతా పాప వంతు ఒక్కదాంట్లోనే. మదురై అబ్బాయి లేచి వెళ్ళి కాఫీ పెట్టుకుని తాగి వచ్చాడు, అప్పటికీ అతని వంతు రాలేదు. కొత్త రూల్ రాసినవాళ్ళు సరిగ్గా ఈ బాధ చూసే రాశారు. ఆట వేగం కోసం చూస్తే కొత్త మంత్రమే మంచిది, అందులో నాకు సందేహం లేదు. మా తమ్ముడు మాత్రం 2024 మార్పుల మీద ఇంకా మండిపడుతూనే ఉన్నాడు. డివైన్ స్మైట్ అనే అదనపు దెబ్బని పాలడిన్ ఇదివరకు తన దెబ్బ తగిలిన ప్రతిసారీ, స్పెల్ స్లాట్ అనే మంత్రాల కోటా ఉన్నంత వరకు వాడుకోగలిగేవాడు. ఇప్పుడది మంత్రమైపోయింది. వంతులో ఒక్కటే దొరికే బోనస్ యాక్షన్ ఖర్చవుతుంది, వంతుకి ఒక్కసారే. "అక్కా, నా చెయ్యి విరగ్గొట్టారు" అంటాడు. నా ఉద్దేశంలో అదీ మంచి మార్పే. వాడితో ఈ గొడవ ఎప్పటికీ తెగదు.

కానీ మంచి రూలా చెడ్డ రూలా అన్నది వేరే సంగతి. దాన్ని ఎప్పుడు మార్చుకోవాలో, అసలు మార్చుకోవాలో వద్దో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళే తేల్చుకోవాలి. కాగితం పుస్తకం విషయంలో ఇది ఎప్పుడూ సమస్యే కాలేదు. కొత్త ఎడిషన్ వచ్చిందని అల్మరాలో ఉన్న పాత పుస్తకంలో అక్షరాలు మారవు.

2024 ఆగస్టులో జరిగింది గుర్తుంటే నా కోపం అర్థమవుతుంది. డీ అండ్ డీ తెచ్చే కంపెనీ సొంత సైటు డీ అండ్ డీ బియాండ్, మేం వాడేది అది కాదు, కొత్త పుస్తకం రాకముందే ఒక ప్రకటన చేసింది. క్యారెక్టర్ షీట్లలోని మంత్రాలూ మాయావస్తువులూ 2024 రూపానికి మారిపోతాయనీ, పాతవి కావాలంటే ఎవరికి వాళ్ళు హోమ్‌బ్రూగా, అంటే సొంత రూల్‌గా, మళ్ళీ టైపు చేసుకోవచ్చనీ దాని సారాంశం. డబ్బిచ్చి కొన్న మంత్రాన్ని కొన్నవాళ్ళే కూర్చుని చేత్తో ఎక్కించుకోవాలన్నమాట. జనం ఊరుకోలేదు. కొద్ది రోజుల్లోనే కంపెనీ ఆ నిర్ణయం వెనక్కి తీసుకుని, పాతవి షీట్లలో అలాగే ఉంటాయని చెప్పింది. చందా కట్టి ముందే కొన్న కొందరికి సెప్టెంబరు 3న, అందరికీ 17న పుస్తకం వచ్చేసరికి పాతవీ కొత్తవీ రెండూ ఉన్నాయి. ఈరోజు మీ 2014 మంత్రాలు మీ షీట్‌లో ఉన్నాయంటే, ఆ నాలుగు రోజులూ కేకలు వేసినవాళ్ళ పుణ్యం. అప్పుడు చాలామంది "ఆటకి ఇంత గోలేంటి" అన్నారు. గోల చెయ్యకపోతే ఏమయ్యేదో ప్రకటనలోనే రాసి ఉంది.

ఇది మొదటిసారి కూడా కాదు. 2009 ఏప్రిల్‌లో డీ అండ్ డీ కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ తన పీడీఎఫ్‌లన్నిటినీ ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఒక్కసారిగా తీయించేసింది. అంతకుముందే కొని, ఇంకా డౌన్‌లోడ్ చేసుకోనివాళ్ళకి కూడా తలుపు మూసుకుపోయింది. మళ్ళీ అమ్మకం మొదలైంది 2013లో. నాలుగో ఎడిషన్ ఆడినవాళ్ళ సంగతి ఇంకా బాధ. పాత్రలు తయారుచేసుకునే వాళ్ళ క్యారెక్టర్ బిల్డర్ మొదట కంప్యూటర్‌లో పెట్టుకునే ప్రోగ్రాం. 2010లో దాన్ని సిల్వర్‌లైట్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఆన్‌లైన్ పనిముట్టుగా మార్చారు. సిల్వర్‌లైట్‌కే కాలం చెల్లిపోయాక, 2020 మొదట్లో ఆ పనిముట్లన్నీ మూసేశారు. నెల నెలా చందా కట్టి పెంచుకున్న పాత్రలు ముందే దించుకున్నవాళ్ళ దగ్గర, ప్రింటు తీసుకున్నవాళ్ళ దగ్గరే మిగిలాయి.

2022లో ఇంకో రకం. పాత రాక్షసుల పుస్తకాలు రెండింటిని కలిపి, మార్పులు చేసి ఒకే పుస్తకంగా తెచ్చారు, ఆ రెండింటి డిజిటల్ అమ్మకం ఆపేశారు. ముందే కొన్నవాళ్ళకి ఉన్నాయి. కానీ అప్పుడే ఆటలోకి వచ్చిన కొత్తవాళ్ళకి అవి కొనే దారే లేకుండా పోయింది. ఒకే బల్ల దగ్గర ఒకరికి ఉన్న పేజీ ఇంకొకరికి లేదు. 2024 వసంతంలో డీ అండ్ డీ బియాండ్ విడివిడి అమ్మకాలు కూడా ఆపింది. ఇదివరకు ఒక్క సబ్‌క్లాస్, అంటే పాత్ర తరగతిలో ఒక ప్రత్యేక శాఖ, కావాలంటే అదొక్కటే రెండు డాలర్ల లోపు కొనుక్కోవచ్చు. ఆ తర్వాత మొత్తం పుస్తకం కొనాల్సి వచ్చింది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కాలేజీ పిల్లలు నలుగురు కలిసి ఆడుకోవాలనుకుంటే ఆ తేడా ఎంతో లెక్క వేసుకోండి. అమెరికాలో జీతం తీసుకునే నాకే ఇది భారంగా అనిపిస్తుంది.

మా అమ్మ దగ్గర పచ్చళ్ళ నోటు పుస్తకం ఒకటి ఉంది, రాజమండ్రిలో. ఆవకాయ పేజీలో కారం "సోలెడు" అని నీలి సిరాతో ఉంటుంది. దాని మీద ఒక్క గీత. పక్కన ఎర్ర సిరాతో "మూడు గిద్దలు" అని ఉంటుంది, నాన్నకి అల్సర్ వచ్చిన ఏడాది రాసింది. గీత కింద పాత కొలత ఇప్పటికీ చదవచ్చు. మా పెద్దమ్మ వచ్చినప్పుడు అమ్మ ఆ పాత కొలతతోనే కలుపుతుంది. రూల్ బుక్ మార్చేవాళ్ళు సరిగ్గా ఇలాగే మార్చాలని నేనంటాను. ఇది జరగని పని కాదు. డీ అండ్ డీ లాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌ని 2023 నవంబరులో సవరించి రీమాస్టర్ అని తెచ్చారు. దాని రూల్స్ అన్నీ ఉచితంగా పెట్టే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్‌లో సవరించిన పేజీ తెరిస్తే పాత రూపానికి దారి అక్కడే ఉంటుంది, పాత పేజీ నుంచి కొత్తదానికీ ఉంటుంది. అక్కడ కూడా "లెగసీ" అనే మాటే వాడారు, అది నాకు నచ్చలేదు. పద్ధతి మాత్రం సరైనది.

ఇక మీ సంగతి. 2014 రూల్స్‌తో నడుస్తున్న ఆట మధ్యలో ఉంటే కొత్త పుస్తకం కొనే ముందు అందరి క్యారెక్టర్ షీట్లూ పీడీఎఫ్‌గా దించుకోండి, వీలైతే ప్రింటు తీయండి. మంత్రాల వివరాలతో సహా తీయండి, పేర్లు మాత్రం ఉంటే లాభం లేదు, పేర్లు రెంటికీ ఒకటే. ఎస్‌ఆర్‌డీ 5.1 అని 2014 రూల్స్ మూలపాఠం ఉంది. 2023 జనవరిలో, ఆ రూల్స్ ఇతరులు వాడుకునే లైసెన్స్ మీద గొడవ ముదిరాక, దాన్ని ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ అనుమతి కింద విడుదల చేశారు, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఉచితం. మా పాప తోడేళ్ళ మంత్రం అందులో అక్షరం పొల్లుపోకుండా ఉంది, తోడేలు వివరాలూ ఉన్నాయి. పుస్తకంలో ఉన్నవన్నీ అందులో లేవు, ముఖ్యంగా సబ్‌క్లాసులు తరగతికి ఒక్కొక్కటే ఉన్నాయి. మీ సబ్‌క్లాస్ అందులో లేకపోతే ఆ పేజీలు చేత్తో రాసుకోండి. పాత సబ్‌క్లాస్‌ని కొత్త క్లాస్‌కి తగిలించాలనుకుంటే ఒకటి చూసుకోండి. ఇదివరకు క్లెరిక్‌కి ఒకటో లెవెల్లో, డ్రూయిడ్‌కి రెండో లెవెల్లో వచ్చేది, ఇప్పుడు అందరికీ మూడో లెవెల్లోనే వస్తుంది. మీరు కొన్న సాహసకథల పుస్తకాలకి మాత్రం దిగులు పడకండి. కథ, మ్యాపులు, ఊళ్ళు, మనుషులు ఏ రూల్స్‌తోనైనా నడుస్తాయి.

కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్ళు ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అయితే ఆ ముక్క స్పష్టంగా చెప్పాలి, చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదు. ప్రతిచోటా రావాలి అలాంటిది. నేను 2017 నుంచి ఎంత పెట్టానో మొన్న కూర్చుని కూడితే ఒక మంచి ఫ్రిజ్ వచ్చేంత అయింది. ఆ మాట మొదటే బటన్ మీద ఉంటే సగం డబ్బు కాగితం పుస్తకాలకే పెట్టేదాన్ని.

ఆ ఆదివారం తర్వాత పాప తన మంత్రాలన్నీ గీతల నోటు పుస్తకంలో ఎత్తి రాసుకుంది, ప్రతిదాని పక్కన సంవత్సరం వేసి మరీ. పోయిన నెల తమ్ముడు మెత్తబడి కొత్త స్మైట్ ఒకసారి ఆడి చూస్తానన్నాడు, వాడి షీట్‌లో మార్చాం. పాప దగ్గర రెండు కాంజ్యూర్ ఆనిమల్స్ రాసి ఉన్నాయి, 2014ది, 2024ది. ఏది వాడాలో ఆట మొదలయ్యే ముందు అందరినీ అడుగుతుంది. టైమ్ తక్కువుంటే కొత్తది. లేకపోతే అట్ట తోడేళ్ళున్న బిస్కెట్ డబ్బా మూత తీస్తుంది, మిరియాన్ని ముందు పెడుతుంది.