ఏ వాయిద్యం మోగిందో రాయి

చిత్తూరు

చిరంజీవికి ఆశీస్సులు.

హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ సినిమా సంగీతం మీద తిరుపతి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ సినిమా అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ నాయనా, ‘గుండె జలదరించే నేపథ్య సంగీతం’ అని నాలుగుచోట్ల రాశావే గానీ, అక్కడ మోగిన వాయిద్యం ఏదో ఒక్కచోటా చెప్పలేదు. గుండె ఎందుకు జలదరించిందో చదివేవాడికి తెలియాలంటే ముందు అది చెప్పాలి.

1960లో వచ్చిన ఆ సినిమాకి సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తంత్రీ వాద్యాలే వాడాడు. వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బేస్. బాకాలు లేవు, డ్రమ్ములు లేవు. నలుపు తెలుపు బొమ్మకి నలుపు తెలుపు ధ్వనే ఉండాలనుకున్నాడు.

అందరిలాగే నువ్వూ కథానాయిక మారియన్ హత్య జరిగే షవర్ సీన్ మీదే రాశావు. అంతకు ముందు వచ్చే కారు ప్రయాణం మళ్ళీ చూడు. యజమాని బ్యాంకులో వేయమన్న 40 వేల డాలర్లతో మారియన్ పారిపోతూ ఉంటుంది. తెర మీద కనిపించేది స్టీరింగు, ఆమె ముఖం, రోడ్డు, ఆ తర్వాత వాన. ఫోన్‌లో సౌండ్ తీసేసి చూస్తే ఎవరో ఊరికి పోతున్నట్టే ఉంటుంది. సౌండ్ పెట్టు. టైటిల్స్‌లో విన్న వయొలిన్లే మళ్ళీ తరుముతూ వస్తాయి. ఏ నేరమూ జరగకముందే మన చెవిన వేసిన ఆ టెన్షన్‌ని ఇప్పుడు ఆమె కారులోకి తెచ్చి పెట్టాడు హెర్మన్. బొమ్మలో లేని భయం అది. బొమ్మ చెప్పనిది సంగీతం ఎక్కడ చెప్పిందో పట్టుకోవడమే నీ పని. మిగతాదంతా పొగడ్త.

ఇక షవర్ సీన్. అక్కడ అసలు సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. హెర్మన్ రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. అప్పటిదాకా వాయిద్యాలకి ధ్వనిని అణిచే మ్యూట్ అనే చిన్న పరికరం తగిలించి, గొంతు నొక్కినట్టు వాయించిన వాళ్ళు ఇక్కడ ఆ మ్యూట్ తీసేస్తారు. వయొలిన్లు పైస్థాయిలో, ఒకదానితో ఒకటి పొసగని స్వరాలతో, కమానుతో కోసినట్టు మోగుతాయి. హంతకుడు వెళ్ళిపోగానే చెల్లోలు, బేస్‌లు కింది స్థాయిలో బరువుగా వస్తాయి. ఆ తర్వాత వాళ్ళూ ఆగిపోతారు. నీళ్ళ చప్పుడు మాత్రం ఆగదు. ఈ మూడు మెట్లూ నీ వ్యాసంలో ఉండి ఉంటే ‘జలదరించే’ అన్న మాటతో నీకు పని పడేది కాదు.

స్వరాల పేర్లు తెలియవని వెనకాడకు. మీ ఊళ్ళోనే సంగీత కళాశాల ఉంది, అక్కడ వయొలిన్ నేర్చుకునే పిల్లలెవరినైనా అడుగు. మన కచేరీలో గాయకుడి వెంట గమకాలు పలికే వాయిద్యమే ఇంత కటువుగా ఎలా మోగుతుందో కమాను పట్టి చూపిస్తారు. దగ్గర నుంచి చూస్తే నీ వాక్యం మారుతుంది.

సంగీతం లేని చోటు గురించి కూడా రాయాలి. జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ 1950 నాటిది. సంగీతం మిక్లోష్ రోజా. ఆర్కెస్ట్రా మొదట్లో వినిపిస్తుంది, మళ్ళీ చివర్లోనే. నగల దొంగతనం నడుస్తున్నంతసేపూ పనిముట్ల చప్పుడూ దొంగల మాటలూ తప్ప ఏమీ ఉండదు. ఎవరైనా వింటున్నారేమోనని వాళ్ళు పడే భయం మనకీ పట్టుకునేది అందుకే.

కొత్త వ్యాసం మొత్తం సినిమా మీద వద్దు. ఆ కారు ప్రయాణం ఒక్కటే తీసుకో. వయొలిన్లు ఎప్పుడు మొదలయ్యాయి, ఎక్కడ తగ్గాయి, అప్పుడు తెర మీద ఏముంది, వరసగా రాయి. విశేషణాలు ఎన్ని తక్కువైతే అంత మంచిది. రాసి పంపు, చదివి వెంటనే జవాబిస్తాను.