పైపు గిన్నె ఆకారం మారితే పొగ మారుతుందా?

మీరు చెప్పిన ఇబ్బందులు రెండు. లంక పొగాకు వేస్తే తల తిరుగుతోంది, వర్జీనియా వేస్తే సగంలో ఆరిపోయి అడుగున తడి పిప్పి మిగులుతోంది. పైపు మార్చాలా అని అడిగారు. పొగాకు నింపే గిన్నెకి సంబంధం ఉందండి, కానీ పైకి కనిపించే ఆకారానికి కాదు. యాపిల్, బిలియర్డ్, బుల్‌డాగ్ అన్నవి బయటి చెక్కుడుకి పెట్టిన పేర్లు. పొగాకు కాలేది లోపలి గుంతలో. చూడాల్సింది దాని వెడల్పు, లోతు, అడుగు తీరు, పొగ వెళ్లే బెజ్జం ఎక్కడుందన్నదీ. బయటి రూపంలో పట్టించుకోవాల్సింది గోడ మందం ఒక్కటే. మరీ పలచగా ఉంటే గిన్నె వేడెక్కి చేత్తో పట్టుకోవడం కష్టం.

మామూలు గుంత 19–20 మి.మీ. వెడల్పు, 35–40 మి.మీ. లోతు ఉంటుంది. కొలవడానికి చిల్లర చాలు. 2011 నుంచి వచ్చిన ఒక రకం రూపాయి బిళ్ల 22 మి.మీ. అది గిన్నె నోట్లోకి దిగిందంటే మీది వెడల్పు గిన్నె. అదే ఏడాది నుంచి వచ్చిన యాభై పైసల బిళ్ల 19 మి.మీ. అదీ దిగకపోతే సన్నది.

వెడల్పు పెరిగితే నిప్పు పరుచుకునే జాగా పెరుగుతుంది, ఒక్కో దమ్ముకి ఎక్కువ ఆకు కాలుతుంది. లటాకియా (పొగబెట్టి ఆరబెట్టిన ఆకు) కలిసిన మిశ్రమాలకి అది బాగుంటుంది. లంక ఆకుకి బాగోదు. బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే గది) వేడి తగలకుండా ఆరి మగ్గిన ఆకు అది. చక్కెర తక్కువ, పొగ క్షారగుణం, అందుకే గుండెల్లోకి లాగకపోయినా బుగ్గల్లోంచే నికోటిన్ ఎక్కేస్తుంది. దానికి 16–17 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. లోతున్న చిన్న గిన్నె చాలు. పెద్ద గిన్నెలో సగమే నింపుతానంటారేమో, మొత్తం తగ్గుతుంది గానీ దమ్ము దమ్ముకీ వచ్చే ఘాటు తగ్గదు. (గిన్నె ఏదైనా నోటి క్యాన్సర్ ముప్పు మాత్రం అలాగే ఉంటుంది.)

వర్జీనియా సంగతి వేరు. చక్కెర ఎక్కువ, గబగబా లాగితే వేడి ఆవిరితో నాలుక చుర్రుమంటుంది. సన్నటి గుంతలో నిదానంగా కాలిస్తే రుచి బాగా తెలుస్తుంది. మరీ లోతైతే పైనుంచి దిగే ఆవిరంతా అడుగునున్న ఆకులో చేరుతుంది. డబ్లిన్ పైపులా కిందికి సన్నబడే గుంతలో అడుగున మిగిలేది తక్కువ. కాకపోతే కింద ఆకుని వదులుగా రాల్చాలి, నొక్కితే బిరడాలా బిగుసుకుపోతుంది.

మీ తడి పిప్పికి అసలు కారణం బెజ్జం అనుకుంటాను. పైపు చల్లారాక కాడలోంచి పైపు క్లీనర్ (నూగు చుట్టిన తీగ) దూర్చి, గిన్నెలోకి టార్చి వేసి చూడండి. క్లీనర్ కొస అడుగుని రాసుకుంటూ రావాలి. రెండు మూడు మి.మీ. పైన తేలిందా, ఆ కిందున్న ఆకు ఎన్నటికీ కాలదు. దీనికి మందు మన దగ్గరే ఉంది: చుట్ట బూడిద. మెత్తగా జల్లించి, నీటి చుక్కలతో ముద్ద చేసి, క్లీనర్ బెజ్జంలో ఉండగానే అడుగున బెజ్జం మట్టానికి అద్దండి. పూర్తిగా ఆరడానికి వారం పడుతుంది, ముసురు రోజుల్లో ఇంకా ఎక్కువే. తడి మీద వెలిగిస్తే పెచ్చులూడుతుంది.

అన్నట్టు, వానాకాలంలో కోనసీమ గాలికి డబ్బా తెరిచి పెడితే పొగాకు చెమ్మ లాగేసుకుంటుంది. అప్పుడు ఏ గిన్నె అయినా గురగురలాడుతుంది. చిటికెడు తీసి నొక్కి వదలండి. ముద్దగా ఉండిపోతే తడి ఉన్నట్టు, మెల్లగా విచ్చుకుంటే సరిపోయినట్టు, పొడైతే ఎండిపోయినట్టు. ముసురులో ఫ్యాను కింద ఆరదు. కాగితం మీద పలచగా పరిచి, వేడెక్కే పాతరకం తీగ బల్బు కింద అరగంట ఉంచండి.

మసిపొర లోపల ఒకటిన్నర మి.మీ. దాటనివ్వకండి. అంత పేరుకుంటేనే రెండు వైపులా కలిపి 19 మి.మీ. గుంత 16 అయిపోతుంది. ఇంకా మందమైతే వేడికి ఉబ్బి గోడని పగలగొడుతుంది. చాకుతో గీకితే గుంత వంకరపోతుంది, రీమర్‌తో (మసి గీకే పనిముట్టు) కొంచెం కొంచెంగా తియ్యండి.