ప్రాజెక్టు వెనక్కి వచ్చిందన్న తమ్ముడికి

తమ్ముడూ, నల్లగొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద నువ్వు రాసిన డిగ్రీ ప్రాజెక్టును ‘అంతా నెట్‌లోంచి ఎత్తిందే’ అని మీ సార్ వెనక్కి ఇచ్చారన్నావు. టెన్షన్ పడకు. నువ్వు పెట్టిన మొదటి పేజీ చదివాను. లోపం నీ భాషలో లేదు, ప్రశ్న లేకపోవడంలో ఉంది. ‘ఫ్లోరైడ్ సమస్య’ అనేది టాపిక్ మాత్రమే. ‘మిషన్ భగీరథ నల్లా వచ్చాక కూడా మర్రిగూడ మండలంలోని ఫలానా ఊళ్లో బోరు నీళ్లు ఎవరు తాగుతున్నారు, ఎందుకు?’ అని అడిగి చూడు. ఇరవై ఇళ్లు తిరిగితే నెట్‌లో ఎక్కడా లేని సమాచారం నీ చేతిలో ఉంటుంది.

అసలు సంగతి నోట్సు. పేజీ మధ్యలో నిలువు గీత కొట్టు. ఎడమవైపు పుస్తకంలో ఉన్నది, పేజీ నంబరుతో సహా. కుడివైపు, పుస్తకం మూసేసి, నీకు తట్టింది. ఎడమవైపు ఇలా: ‘భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా.’ కుడివైపు: ‘మా ఊరి బోరులో ఎంత? ఎవరు కొలిచారు? ఎప్పుడు?’ నీ వ్యాసం ఆ కుడివైపు నుంచే పుడుతుంది. పీజీలో నేను ఈ గీత కొట్టలేదు. ఏది నా మాటో, ఏది పుస్తకానిదో తెలియక ఒక చాప్టర్ మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది.

పాత పీహెచ్‌డీ గ్రంథాలు ‘శోధగంగ’ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంకొకటి, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించింది. దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’. మన జిల్లా పేరున్న దాన్నే నువ్వు వదిలేశావు, తప్పకుండా చేర్చు.

ముందు ఆ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి ఇక్కడే పెట్టు, రేపు రాత్రి చూస్తాను.